రాతి మీద ఓత్వం

బ దగ్గర కుంచె ఆగింది. నేను ఆపలేదు, చెయ్యి దానంతట అదే ఆగింది, మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు. ‘ఆమె’ అన్న మాటలో తెల్లరంగు నిండింది, పక్కన బ బొజ్జలో కూడా నిండింది, ఇక కుంచె మొన పైకి తిప్పి ఓత్వం వంపులోకి పోనివ్వాలి, తిప్పాను, అక్కడ వంపు లేదు. దీర్ఘం ఉంది. నున్నగా, లోతుగా, అంచు ఒక్కచోట కూడా చిట్లకుండా, మా ఆయన తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చెక్కలేని దీర్ఘం. బోధ ఉండాల్సిన చోట బాధ ఉంది. కళ్లు నలుపుకోబోయి, వేళ్లకు రంగుందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుని, వెనక్కి జరిగి, వరుస మొత్తం మొదటి నుంచి చదివాను. ‘ఆమె బాధ మమ్మల్ని ఎన్నటికీ విడిచిపోదు.’ మళ్లీ చదివాను. రాయి మాట మార్చలేదు.

ముందు నవ్వే వచ్చింది, అబద్ధమెందుకు. పెద్ద టీచరుగారి చేత మొట్టికాయలు తిన్నవాళ్లంతా కలిసి వేయించుకుంటున్న పలక ఇది. మందిరం పక్కగదిలో, ఆ పొడుగుబల్ల ముందు, ఇన్నేళ్లుగా ఈ వీధుల్లోని పిల్లలందరికీ ఆమే అక్షరాలు నేర్పారు. పై వరుసలో ఆమె పేరుంది గాని ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలిచి ఎరగరు, పెద్ద టీచరుగారంటేనే తెలుసు. పేరు కింద ‘ఈ గదిలో మాకు అక్షరం నేర్పిన గురువు జ్ఞాపకార్థం’ అని ఉంది, దాని కిందే ఈ వరుస. ఈ సాయంత్రం పాస్టరుగారు తెర లాగుతారు, గదినిండా ఆమె పాత పిల్లలు, నెత్తి మీద జుట్టు లేని పిల్లలు, మనవల్ని ఎత్తుకున్న పిల్లలు నిలబడి ఉంటారు, తెర జరుగుతుంది, ఆమె బాధ మమ్మల్ని ఎన్నటికీ విడిచిపోదు. ఒకరకంగా నిజమే కదా అని వెనక నుంచి ఎవరో అంటారు. నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే ఆ ముందు వరుసలోనే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని మా ఆయన కూడా నిలబడి ఉంటారు.

బండి తేవడానికి వెళ్లారు. గంటలో వస్తాను, ఈలోగా రంగు నింపి ఆరనివ్వు, అంచులు జాగ్రత్త అని చెప్పి వెళ్లారు. గంటలో ఎంత అయిపోయిందో తెలీదు, రేకుల కప్పు కన్నంలోంచి పడే ఎండచుక్క పలక మూల నుంచి నేల మీదికి జారింది. నా పక్కన రంగుడబ్బా మీద పొర కడుతోంది. కుంచె ఇలా పట్టుకుని కూర్చుంటే వెంట్రుకలు అట్టకడతాయి, కిరోసిన్‌లో వేయాలి. వేశాను. వేశాక చేతులకు ఏం పని ఇవ్వాలో తెలియలేదు.

మా ఆయనకు తప్పు చెప్పడం అంటే ఏమిటో తెలియని వాళ్లకు చెప్పడం కష్టం. కొట్టరు, తిట్టరు, గిన్నెలు విసరరు, ఆ మాటకొస్తే ఊళ్లో అందరూ మేస్త్రీ అంత నెమ్మదైన మనిషి లేడంటారు. మాట మానేస్తారు, అంతే. అంతే అంటున్నాను గాని అది చిన్నదేం కాదు. ఈ ఇంట్లో తువ్వాలు అనేది దొరుకుతుందా అని గోడను అడుగుతారు. గోడ బదులు నేను తెచ్చి ఇస్తే గోడకే థాంక్స్ చెప్పేలా చూస్తారు. పెళ్లయిన కొత్తలో స్కూటరు మీద ఎవరి ఇంటికో వెళ్తూ దారి తప్పారు, ఇది కాదండీ, ఆ మలుపు దగ్గర ఎడమకి తిరగాలి అన్నాను. వినిపించుకోలేదు. దారి సన్నబడింది, ఇళ్లు అయిపోయాయి, పొలాలు వచ్చాయి, చివరికి దారే అయిపోయి నది వచ్చింది. ఇక స్కూటరు ఆపక తప్పలేదు. దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నది వైపు చూసి, ఇక్కడ గాలి బాగుంటుంది అన్నారు. గాలి కోసమే వచ్చినట్టు! ఇది నేను ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కే లేదు.

నవ్వు రానివి కూడా ఉన్నాయి. ఈ షెడ్డులో ఆ గోడవైపున్న బల్ల మా మరిదిది. అన్నదమ్ములిద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని చెక్కేవాళ్లు, ఒకరి సుత్తి ఆగిన సందులో ఒకరి సుత్తి పడేది, నేను లోపల వంట చేస్తూ ఆ చప్పుడును బట్టే ఎవరికి ఆకలేస్తోందో చెప్పేదాన్ని. ఒకరోజు పలక తీసుకెళ్లడానికి వచ్చినాయన ఎదురుగానే మా మరిది, అన్నయ్యా, ఇక్కడ ఒత్తు ఎవరు మింగేశారు అన్నాడు. వాడికి మొదటి నుంచీ నోటి తీట. వచ్చినాయన పకపకా నవ్వాడు. మా ఆయన సుత్తి కింద పెట్టి, అయితే ఇక నువ్వే చెక్కుకో అన్నారు. అంతే, పెద్ద గొడవేం కాలేదు, గొడవైనా బాగుండేది. వాడు వంతెన అవతల రాయి చెక్కే మిషను పెట్టుకుని సొంతంగా షాపు తెరిచాడు, అన్నదమ్ముల మధ్య మాటలు లేవు, నేనూ మా తోటికోడలూ కూరగాయల బజార్లో ఎవరైనా చూస్తారేమోనని దొంగల్లా మాట్లాడుకుంటాం. ఒక్క ఒత్తు. ఆ ఒత్తు పోయిన మాట నిజం, మరిది చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, ఆ నిజం మా ఇంటిని రెండు ముక్కలు చేసి వదిలింది. ఇప్పుడు ఓత్వం వంతు వచ్చింది.

పోయిన ఆదివారమే పాస్టరుగారు దీని గురించే చెప్పారు, గద్దింపు గురించి. ఆ మాట మందిరంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇంట్లో అయితే చెప్పడం, మందలించడం, చీవాట్లు పెట్టడం, దులిపేయడం ఉంటాయి, గద్దింపు మాత్రం ఆదివారం ఇస్త్రీ బట్టల్లో వస్తుంది. ఆ మాటలోనే ఒక గద్ద ఉంది. వినగానే నెత్తి మీద రెక్కల నీడ పడ్డట్టయి ఏ గంప కిందికైనా దూరాలనిపిస్తుంది. వెక్కిరించే మనుషులు ఉంటారు, దిద్దితే పగబడతారు, దిద్దితే ఇంకా దగ్గరయ్యే మనుషులు ఉంటారు, నోరు తెరిచే ముందు ఎదుటి మనిషి ఎవరో చూసుకోండి అని బైబిల్లో సామెతలు రాసిన జ్ఞాని ఎప్పుడో చెప్పాడట. పైగా బుద్ధిలేనివాడికి బదులు చెప్పొద్దని ఒకచోట రాసి, దాన్ని ఆనుకునే బదులు చెప్పమని కూడా రాశాడట. బయటికి వచ్చాక పాటల పుస్తకాలు సర్దే పెద్దావిడ నా చెవిలో, రెండూ రాసి ఆయన బాగానే తప్పించుకున్నాడమ్మా, ఇరుక్కుంది మనం అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను నవ్వుతూనే కొంచెం దూరంలో చెప్పులు వేసుకుంటున్న మా ఆయన వైపు చూశాను, ఈయన ఏ రకమో నాకు ఎప్పుడో తెలుసులే అన్నట్టు.

పాస్టరుగారే ఇంకొకటి కూడా చెప్పారు. రాజు పెద్ద తప్పు చేస్తే ప్రవక్త నేరుగా వెళ్లి నువ్వు తప్పు చేశావు అనలేదట, ఎవరో పేదవాడి గొర్రెపిల్లను ఎవరో గొప్పవాడు లాక్కున్న కథ చెప్పాడట, రాజుకు కోపం తన్నుకొచ్చి ఎవడు వాడు అని లేచాక, నువ్వే అన్నాడట. బాగుంది. నేనూ ఒక కథ అల్లుకోవచ్చు. ఏవండీ, అనగనగా ఒక ఊళ్లో ఒక చెక్కే ఆయన ఉండేవాడట... చెక్కే ఆయన అనేసరికే, నా పనిలో ఏం వంక దొరికింది నీకు అంటారు. గొర్రెపిల్ల గుమ్మం కూడా దాటదు. ప్రవక్తలకేం, కథ చెప్పి వెళ్లిపోతారు, రాత్రికి ఆ రాజుకు అన్నం పెట్టాల్సిన అవసరం వాళ్లకు లేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. వేరే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ మారే వేళకి రోజూ చేస్తుంది. సాయంత్రం ఫొటోలు పంపమ్మా అని చెప్పబోతుంటే నేను గబగబా ఉన్నది చెప్పేశాను. అవతల కిసుక్కుమన్న నవ్వు, తర్వాత భయం, అచ్చం నాకు వచ్చిన వరుసలోనే.

“అమ్మా, నువ్వు మాత్రం చెప్పకు. ఇల్లు ఇల్లులా ఉండదు నీకు. ఫొటో తీసి పాస్టరుగారికి పంపెయ్, ఆయన వచ్చి చూసినట్టు చూసి ఆయనే చెప్తారు.”

“ఆయన మాత్రం ఎలా చెప్తారే?”

“ఎలాగో చెప్తారు. అది వాళ్ల పనే కదమ్మా!”

పెట్టేసింది. ఆలోచన బాగానే ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది, పలక ముందు వంగి ఫొటో కూడా తీశాను. ఫొటోలో రాయి ఇంకా నల్లగా, అక్షరాలు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి, రంగు పూర్తిగా పడకపోయినా బాధ మరీ స్పష్టంగా ఉంది. పంపడానికి వేలు పెట్టబోయి ఆగాను. పాస్టరుగారు ఊరికే రారు, పలక మోయడానికి సాయం అని ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వస్తారు. ఆ మెత్తటి నవ్వుతో, మేస్త్రీగారూ, ఒక చిన్న విషయం అంటారు. వెంట వచ్చినవాళ్లు వంగి చదువుతారు. ఒకరు నవ్వు ఆపుకుంటారు, ఇంకొకరు ఆపుకోలేరు. మరిది రోజే మళ్లీ వస్తుంది, ఈసారి మా ఆయన సుత్తి కింద పెట్టి ఎవరితో ఏమంటారో, అసలు మళ్లీ దాన్ని చేతిలోకి తీసుకుంటారో లేదో. ఫోన్ తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాను.

చెప్పకపోతే? నేను చూడనే లేదనుకుంటే? రంగు నింపడం అక్షరం వెంట పోవడమే గాని చదవడం కాదు, చాలామంది చదవరు, నేనూ చదవలేదనుకుంటే ఎవరు కాదంటారు. సాయంత్రం తెర జరుగుతుంది, ఆ నవ్వేదో నవ్వుతారు, ఆయన ముఖం ఎర్రబడి తెల్లబడి నా వైపు తిరుగుతుంది. ఏమీ అనరు. అనకపోయినా కళ్లు అడుగుతాయి, రంగు వేసింది నువ్వే కదా, నీ కుంచె ఇందులోంచే పోయింది కదా అని. అప్పుడు నేను ఎక్కడికి చూడను? ఇంకా రాని ఆ చూపు అప్పుడే గుర్తొచ్చి, పలక మీంచి కళ్లు తిప్పుకున్నాను. ఊరంతా నవ్వినా ఆయన తట్టుకుంటారేమో గాని, ఊరు నవ్వుతుందని నాకు ముందే తెలిసి ఊరుకున్నానని తెలిస్తే తట్టుకోలేరు. నేనే తట్టుకోలేను. ఇన్నేళ్లుగా ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషిని అలా నలుగురిలోకి పంపించడానికి నాకు మనసొప్పలేదు.

పెద్ద టీచరుగారైతే ఇంతసేపు కూర్చునేవారు కాదు. ఆమెకు తప్పు కనపడటం, నోరు తెరవడం రెండు పనులు కావు. ఈ పాస్టరుగారు కొత్తగా వచ్చినప్పుడు చిన్నవాడు, గొంతు మంచిది, మొదటి ఆదివారమే అందరినీ ఏడిపించాడు. ఆమెన్ అని కూర్చోబోతుంటే మూడో బెంచీలోంచి పెద్ద టీచరుగారు లేచి, నాయనా, క్రుప కాదు, కృప, నాలుక పైకి పెట్టి పలుకు అన్నారు. నలుగురి ముందూ! ఆయన కొన్నాళ్లు ఆమె వైపు చూడకుండానే ప్రార్థన ముగించేవాడు. అలా చూడకుండా చూడకుండా ఉండి, ఏమైందో ఏమో, ఒక శనివారం తను రాసుకున్న కాగితాలు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడట. అప్పటి నుంచి ఆమె మంచం పట్టేవరకు ప్రతి శనివారం వెళ్లాడు. మరి మొదట్లో ఆయన ఏ రకం? పగబట్టే రకమే కదా. తర్వాత ఏ రకమయ్యాడు? నోరు తెరిచే ముందే ఎదుటి మనిషి ఎవరో చూసుకోమంటున్నారు గాని, చెప్పకుండానే ఎవరెవరో ఎలా తెలుస్తుంది? చెప్పాకే కదా తేలేది. చెప్పిన రోజు కూడా తేలకపోవచ్చు, శనివారం దాకా ఆగాలేమో. ఇది ఆదివారమే అడగాల్సింది, పాటల పుస్తకాల దగ్గర నవ్వుతూ కూర్చున్నాను.

ఆమెను పూడ్చిన రోజు అందరూ వచ్చేసినా మా ఆయన అక్కడే నిలబడిపోయారు. ఏడవలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా షెడ్డులోకి వచ్చి, ఉన్న రాళ్లలోకెల్లా మంచి రాయి ఏదో వేళ్లతో తట్టి తట్టి చూశారు. పాస్టరుగారు పలక సంగతి అడగకముందే ఆయన రాయి తీసి పక్కన పెట్టేశారు. మామూలుగా అయితే గీతలు గీయడానికి నన్ను పిలుస్తారు, ఈసారి పిలవలేదు, పాస్టరుగారు పంపిన కాగితం ఒకసారి చూసి జేబులో పెట్టుకుని సుద్దతో తనే రాసుకున్నారు. చెక్కేటప్పుడు చప్పుడు మాటిమాటికీ ఆగేది. నేను వంటింట్లోంచి విని, ఆకలి కాదు, ఇదేదో వేరే అనుకున్నాను. మంచినీళ్లు తీసుకెళ్తే, రాతిపొడి కళ్లలో పడింది అన్నారు. రాతిపొడిలో పుట్టి పెరిగిన మనిషికి ఈ రాయి పొడే ఎందుకు పడిందో నేను అడగలేదు. ఇప్పుడు పలక ముందు కూర్చుని ఆ దీర్ఘం చూస్తుంటే తెలుస్తోంది. బోధ అనే రాద్దామనుకున్నారు. చేతికి వేరే మాట తెలుసు, చెయ్యి అదే చెక్కింది. మతిమరుపుతో చేసిన తప్పయితే అంచులు ఇంత శ్రద్ధగా ఉండవు. నా కళ్లలో కూడా పొడి పడింది.

ఈయనను పట్టుకుని, ఏ రకమో నాకు తెలుసులే అనుకున్నాను. వెక్కిరించేవాళ్లకు చెప్పి లాభం లేదని కదా ఆదివారం విన్న వాక్యం, మరి ఈయన ఎవరినైనా వెక్కిరించగా నేను చూశానా? మా మరిదిని కూడా ఏమీ అనలేదు, వాడి దుకాణం ముందు నుంచి వెళ్లాల్సి వస్తే తల వంచుకుని పోతారు, అంతే. ఈ ఇంట్లో వెక్కిరించే నోరు ఒకటే ఉంది, అది ప్రస్తుతం కిరోసిన్ వాసన పీలుస్తూ ఇక్కడే కూర్చుంది. నది కథ ఎన్ని విందుల్లో చెప్పాను, ఆయన పక్కనే కూర్చుని ఉండగా, ఆయన ఆకులో వడ్డిస్తుండగా, చేతులు నడుం మీద పెట్టి ఆయనలా నిలబడి మరీ చూపించి! అందరూ విరగబడి నవ్వేవాళ్లు, ఆయన తల వంచుకుని తినేవారు. గాలి బాగుంటుంది అన్నప్పుడు ఆ గొంతు ఎలా ఉందో నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వు రాదు కాబట్టి. ఈయనకు తప్పు చెబితే పడదని తేల్చేశాం గాని, నవ్వు కలపకుండా, పక్కన ఎవరూ లేకుండా, సూటిగా ఒక్క తప్పు ఈయనకు ఎవరు చెప్పారు? మరిది నవ్వించాడు, నేను నవ్వించాను, ఈయన ఎప్పుడూ నవ్వు నుంచే పారిపోయారేమో, తప్పు నుంచి కాదేమో. కాకపోవచ్చు కూడా. నాకు అనుకూలంగా నేనే ఊహించుకుంటున్నానేమో. అయినా ఊహ బాగుంది, కాసేపు దీన్నే పట్టుకుంటాను.

ఎలా అనాలి? ఇక్కడ చిన్న పొరపాటేదో... వద్దు, చిన్న అంటే ఎగతాళిలా ఉంటుంది. మీరు చెక్కిందంతా ఎంతో బాగుంది గాని... వద్దు, ఆ ‘గాని’ కోసమే ముందుది అన్నామని ఎవరికైనా తెలుస్తుంది. రంగు వేస్తూ నేనే ఏదో చెడగొట్టాను అని నా మీద వేసుకుంటే? అది మరీ అన్యాయం, రాతిలో లోతుగా ఉన్నదాన్ని కుంచె ఎలా చెడగొడుతుంది, ఆయనేం పిచ్చివారా. పలక ఎటూ పోయినట్టే. రాతి మీద చెరిపే రబ్బరు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు, మొత్తం అరగదీసి, నునుపు పట్టి, మొదటి నుంచి చెక్కాలి, సాయంత్రం తెర వెనక ఉత్త గోడే. ఆ ఉత్త గోడ సంగతి కూడా ఆయనకు నేనే చెప్పాలి. దేవుడా, మాట తిన్నగా రానివ్వు, నవ్వు రానివ్వకు, ఏడుపు కూడా రానివ్వకు. ఇంత పొట్టి ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు.

వీధి మలుపులో బండి చప్పుడైంది. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లి, లోపలికి రాబోతున్న డ్రైవరుతో, బాబూ, కాస్త బయటే ఆగు అన్నాను. మా ఆయన తాళ్లు భుజాన వేసుకుని వచ్చారు. తలుపు దగ్గరగా వేశాను. ఆయన వింతగా చూశారు.

“ఏవండీ, మూడో వరుసలో తప్పుంది. బోధ అని ఉండాలి. బాధ అని చెక్కారు.”

మాట నేలమీద పడింది. తాడు భుజం మీద నుంచి జారుతున్నా ఆయన పట్టుకోలేదు. పలక దగ్గరికి వెళ్లి వంగి పెదాలు కదుపుతూ చదివారు, వేలు అక్షరాల మీద పోనిస్తూ చదివారు, దీర్ఘం దగ్గర వేలు ఆగింది. చెవుల వెనక నుంచి ఎర్రబడటం మొదలైంది.

“కాగితంలోనే అలా ఉండుంటుంది.”

“జేబులోనే ఉందిగా, చూడండి.”

తీశారు. మడత విప్పారు. మళ్లీ మడిచారు. “ముందే చూసుకోవద్దా నువ్వు?” అన్నారు, గొంతు పెరిగింది.

“ఇప్పుడే చూశాను. మీకే మొదట చెప్తున్నాను.”

అమ్మాయికి చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను, అది తర్వాత చెప్పొచ్చు. ఆయన నన్ను చూడలేదు. తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయారు. బండి స్టార్టయిన చప్పుడు వినపడింది, దూరమైంది. సరే, అయిపోయింది, రేపటి నుంచి గోడతో మాటలు, ఎన్నాళ్లో ఈసారి. పంపు దగ్గర నీళ్ల చప్పుడు వచ్చేదాకా ఆయన బండిలో వెళ్లిపోయారనే అనుకున్నాను. వెళ్లింది డ్రైవరు, మళ్లీ రమ్మని పంపేసినట్టున్నారు. ఈయన పంపు కింద తల పెట్టి నీళ్లు వదులుకుంటున్నారు, చొక్కా మెడ తడిసిపోతున్నా పట్టించుకోకుండా, చాలాసేపు. తర్వాత ఆ తడి తలతోనే లోపలికి వచ్చి, సుద్దముక్క వెతుక్కుని, పలక ముందు గొంతుక్కూర్చుని, పై వరుసకూ కింది వరుసకూ మధ్య ఎంత చోటుందో బొటనవేలి గోరుతో కొలిచారు.

“దీర్ఘాన్ని ఏం చేయక్కర్లేదు,” అన్నారు, నాతోనే, గోడతో కాదు. “పైన ఇలా వంపు తిప్పి కలిపేస్తే ఓత్వం అయిపోతుంది. పై వరుసలో ఒత్తు కొంచెం అడ్డం. సన్న ఉలితో దాన్ని తప్పించుకుని పోవచ్చు.”

సుద్దతో గీశారు. నేను వంగి చూశాను. బాధ మీద చిన్న వంపు తిరిగి బోధ అయి కూర్చుంది, మొదటి నుంచి అలాగే ఉన్నట్టు. ఇంతసేపూ పలక పోయిందనే ఏడ్చాను, ఆ రాయిలో ఇంకా చోటుందని ఈయనకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఉలి అందుకున్నారు. సుత్తి ఎంత చిన్నగా పడుతోందంటే, పక్కింట్లో ఎవరో గిన్నె మూత సర్దుతున్నట్టుంది. ఊదారు, తుడిచారు, మళ్లీ కొట్టారు.  చివరికి ఉలి కింద పెట్టి, తడి గుడ్డతో అక్షరం అద్ది, ఇటు తిరగకుండానే అడిగారు.

“ఇంకెక్కడైనా ఉందా?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“తప్పు. ఇంకెక్కడైనా ఉందేమో చూడు. మొదటి నుంచి పైకి చదువు, నేను వింటాను.”

చదివాను. చిన్నప్పుడు ఆ పొడుగుబల్ల ముందు నిలబడి చదివినట్టే, ఒక్కో మాటా విడదీసి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఆమె బోధ మమ్మల్ని ఎన్నటికీ విడిచిపోదు అన్నప్పుడు మూసిన కళ్ల చివర తడి కనిపించింది, తలమీది నీళ్లు కావు. ఇంకేం లేవండీ, అంతా సరిగ్గా ఉంది అన్నాను. తల ఊపారు. ఈ మనిషితో ఇన్నాళ్లు కాపురం చేశాను, ఈ ఒక్క ప్రశ్న నేను బతికుండగా వింటానని అనుకోలేదు. సంతోషం పట్టలేక లేచి కుంచె తుడుచుకుని కొత్త వంపులోనూ మిగిలిన మాటల్లోనూ రంగు నింపడానికి కూర్చున్నాను, వేళ్లు గాల్లో తేలుతున్నాయి, ఎంత పెద్ద పని చేశాను నేను, రేపు ఆ పాటల పుస్తకాల ఆవిడకు చెప్పాలి, ప్రవక్తలకు కూడా చేతకాని పని.

ఆయన కళ్లు తెరిచి పలక వైపు చూస్తున్నారు. “పేరు దగ్గర నీ రంగు అంచు దాటింది,” అన్నారు.

“ఎక్కడ దాటింది? దాటలేదే! మీ ఉలే అక్కడ జారి ఉంటుంది, అయినా గుడ్డివెలుగులో కూర్చోబెట్టి రంగు వెయ్యమంటే...”

నోరు ఎంత తొందరగా లేచిందో! నా మాట నాకే వినపడి మధ్యలో ఆగాను. ఆయన గెలిచినట్టు చూడలేదు, గోడ వైపు కూడా తిరగలేదు. నా ముఖంలోకి చూస్తూ ఓపిగ్గా కూర్చున్నారు. వంగి చూశాను. దాటింది. వెంట్రుకంత, తెల్లగా, ఆమె పేరులో మొదటి అక్షరం పక్కనే.

“గీకేస్తాను, ఆ బ్లేడు ఇటివ్వండి,” అన్నాను.